దీనికి అర్థమేమి?

"ఆరాధన మొదట్లోనే 'మేము పాపులము' అని అందరి చేతా చెప్పించడం ఇక ఆపేయాలి," అన్నాడు ఆశిష్, గోడ మీద స్లయిడు మారుస్తూ. "కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడే నొచ్చుకుంటున్నారు."

"దీనికి అర్థమేమి?" అంది పాపాయమ్మ.

గదిలో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. సండే స్కూలు పిల్లల చేత విశ్వాస పాఠాలు వల్లె వేయించేటప్పుడు ఒక్కో వాక్యం చెప్పించి ఆమె అడిగే ప్రశ్న అది. లూథరన్ ఇళ్ళల్లో ఉగ్గుపాలతో పాటు పట్టే ప్రశ్న. ముప్ఫై ఏళ్ళుగా అడిగీ అడిగీ అది నోట్లో ఊతపదమైపోయింది. తను నర్సుగా పనిచేసే క్లినిక్కులో డాక్టరు చీటీ రాసిచ్చినా ముందు అదే అడుగుతుంది.

"అర్థం ఏముంది ఆంటీ! వచ్చినవాళ్ళకి మొదటి అయిదు నిమిషాలూ హాయిగా గడవాలి. అంతే."

"మా క్లినిక్కుకీ రోజూ వస్తారు నాయనా, ఫ్యాక్టరీల వాళ్ళు. ముందు నొప్పెక్కడో చెప్పించాకే మందిస్తాం. నొప్పి సంగతి ఎత్తితే నొచ్చుకుంటారని ఊరుకుంటే వాళ్ళ గతేం కాను?"

పాస్టరుగారు టీ కప్పు చాటున ముసిముసిగా నవ్వుకున్నారు. దుబాయ్‌లోని జెబెల్ అలీ చర్చి ఆవరణలో వాళ్ళది ఒక చిన్న అద్దె గది. శుక్రవారం ఆరాధన ముగించుకుని అక్కడే కూర్చున్నారు, మొత్తం ఇరవై మూడు మంది. ఆశిష్ ఒక కంపెనీలో మార్కెటింగ్ మేనేజరు. మంచి పిల్లవాడే. సంఘం పెరగాలని నిజంగానే తపన పడుతున్నాడు, అదే వచ్చిన చిక్కు. అతని స్లయిడ్లు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. బోర్డు మీద 'లూథరన్' అన్న మాట పోయి 'జాయ్ వైబ్ దుబాయ్' వస్తుంది. ఆరాధన క్రమం పుస్తకాలు బీరువాలోకి వెళ్తాయి. బాప్తిస్మపు తొట్టి ఉన్నచోట డ్రమ్ములు పెడతారు.

తొట్టి మాట దాకా వచ్చేసరికి పాపాయమ్మ ఇక ఊరుకోలేకపోయింది.

"సంఘాన్ని పెంచేది వాక్యమూ, బాప్తిస్మం లాంటి సంస్కారాలూ. మన తెలివితేటలు కాదు," అంది. "వచ్చేవాళ్ళు గిరాకీలు కారు, మనది దుకాణమూ కాదు."

"మీ పద్ధతీ చూశాంగా ఆంటీ," అన్నాడు ఆశిష్ మెత్తగానే. "కరోనా రోజుల్లో ఏడాది పాటు పొద్దున్నే వంట చేసుకుంటూ గ్రూపులో విశ్వాస పాఠాలు వాయిస్ మెసేజ్‌లుగా పెట్టారు. అప్పుడు ఇరవై రెండు మందిమి. ఒక్కరైనా పెరిగామా?"

"ఎందుకు పెరగలేదూ? శ్యామలాదేవికి పాప పుట్టింది!"

ఈసారి నవ్వులకి గది దద్దరిల్లింది. శ్యామలాదేవి ఒళ్ళో ఉన్న పాప కూడా చప్పట్లు కొట్టింది.

"సరే, మనలో మనకి వాదనెందుకు?" అన్నాడు ఆశిష్ నవ్వు ఆపుకుంటూ. "రువైస్ రిఫైనరీ క్యాంపులో మన లూథరన్లే ఎనిమిది మంది ఉండేవాళ్ళు. ఒక్క వ్యాన్లో అబుదాబి చర్చికి వెళ్ళొచ్చేవాళ్ళు. ఇప్పుడు రెండు బస్సులు నిండుతున్నాయట! వాళ్ళ పెద్దని ఇవాళ రమ్మన్నాను. ఆయన పద్ధతి ఏదైతే అదే మన పద్ధతి, ఖలాస్. ఒప్పుకుంటారా?"

అందరూ పాపాయమ్మ వైపు చూశారు. రెండు బస్సులు! అంతమంది వస్తుంటే వద్దనడానికి ఆమెకి నోరు రాలేదు.

"ఒప్పుకుంటున్నా. ఆయన ఏది చెబితే అదే," అంది.

అప్పుడే తలుపు తోసుకుని ఆ రువైస్ పెద్ద, యేసోబు, వచ్చాడు. రిఫైనరీ నీలం యూనిఫాంలోనే ఉన్నాడు. మూడు గంటలు ప్రయాణం చేసినా ముఖం కళకళలాడుతోంది. చంకలో ఇంత లావు స్పీకరు.

"చూశారా, సౌండ్ సిస్టం!" ఆశిష్ ఎగిరి గంతేసినంత పనిచేశాడు.

"ఆయ్, ఇది లేకపోతే మా సంఘమే లేదండి," అన్నాడు యేసోబు. "బస్సెక్కగానే పెట్టేస్తామండి. కొత్తగా ఎక్కినోళ్ళు కూడా రెండు వారాల్లో గొంతు కలిపేస్తారండి."

"డ్రమ్సా? గిటారా?"

"అయ్యేమీ ఉండవండి. మధ్యమధ్యలో ఈల మాత్రం ఇనపడతాదండి. అదొచ్చినప్పుడల్లా మావోళ్ళూ ఈలేస్తారండి, భలే సరదాగా ఉంటాది."

ఈలలు! ఆరాధనకి వెళ్ళే బస్సులో ఈలలు! పాపాయమ్మ ఆరాధన క్రమం పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. వచ్చే శుక్రవారానికి ఈ పుస్తకం బీరువాలో ఉంటుందనుకుంటే ఏడుపొచ్చింది.

"ఏ టీమ్ చేసిందండీ ఇది?" అడిగాడు ఆశిష్, సెల్‌ఫోన్లో రాసుకోడానికి సిద్ధంగా.

"తెలవదండి. ఫోన్లోంచి ఫోన్లోకి తిరిగి తిరిగి మా రూముకొచ్చిందండి. ఎవరో గానీ, ఆళ్ళని ఒక్కసారి చూడాలండి."

"యల్లా, కానివ్వండి, పెట్టండి!"

యేసోబు మీట నొక్కాడు. పాపాయమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

స్పీకర్లోంచి ముందు చెవులు చిల్లులు పడేలా ఒక ఈల వచ్చింది. ఆ వెనకాలే ఒక ఆడగొంతు: "ఉండండి నాయనా, కుక్కరు దించేసి వస్తా... ఆఁ, ఇప్పుడు అందరూ చెప్పండి, దీనికి అర్థమేమి?"