వెనకబడ్డ తాబేలు

తాబేలు తాత చెరువులో గట్టుకు దగ్గరగా తేలుతుంటే, కప్ప రోజూ ఆయన వీపు మీద నుంచే గట్టుకు దూకేది. దూకిన ప్రతిసారీ తాత జానెడు వెనక్కి పోయేవాడు.

"నేనేమో ముందుకు దూసుకుపోతున్నా. నువ్వేంటి తాతా, ఎప్పుడు చూసినా వెనకబడే ఉంటావు?" అని కప్ప గట్టెక్కి ఎగతాళి చేసేది.

తాతకు ఒళ్లు మండిపోయింది. తన్నులూ తనకే, మాటలూ తనకేనా?

ఒకరోజు కప్ప కాళ్లు ముడిచి తన్నబోయేసరికి తాత బుడుంగున మునిగాడు. కాళ్లకు ఆసరా దొరక్క కప్ప ఉన్నచోటే నీళ్లలో బోర్లా పడింది.

"ఇదేం అన్యాయం తాతా? ఇప్పుడు నేనెలా దూకాలి?"

"అన్యాయమా!" తాత తల పైకెత్తి కసిరాడు. "నేనెప్పుడు వెనకబడ్డానురా? ముందుకెళ్లడానికి నువ్వే నన్ను వెనక్కి తన్నావు!"