పని పూర్తయ్యాకే అన్నం

మిట్టమధ్యాహ్నం ఓ ముసలమ్మ రిబ్కా టీచరు గుమ్మం ముందు నిలబడి, ఇంత అన్నం పెట్టమని అడిగింది.

రిబ్కా లేదనలేదు. కందులున్న చాట తెచ్చి ఆమె ముందు పెట్టి, రాళ్లేరి ఇస్తే అన్నం పెడతానంది.

అది ఆ ఇంటి చట్టం. పని పూర్తయ్యాకే కంచం. కన్నకూతురు ప్రేమావతికైనా అంతే, దారినపోయే వాళ్లకైనా అంతే. తిరువూరు చర్చి వీధిలో ఆ సంగతి తెలియని వాళ్లు లేరు.

ఎవరి బాధ వాళ్లది. భర్త పోయాడు, మిగిలింది ఒక్క ఆడపిల్ల. అదేమో ఏ పనీ తుదికంటా చెయ్యదు. ఎక్కం సగంలో ఆపేస్తుంది, అంట్లు సగంలో వదిలేస్తుంది, ఆఖరికి రాత్రి ప్రార్థనలో ఆమెన్ రాకముందే నిద్రపోతుంది. ఇలాగే పెరిగితే ఈ పిల్ల పత్తి చేలో కూలికి పోవాల్సిందేనని ఆ తల్లికి ఒకటే దిగులు. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

ముసలమ్మ నాలుగు రాళ్లు ఏరిందో లేదో, చాట ఒళ్లో పెట్టుకుని గోడకు జారగిలబడి కునుకు తీసింది.

రిబ్కాకు ఒళ్లు మండింది. కూతుర్ని పిలిచి చూపించింది.

“చూశావా? ఒళ్లు వంచని వాళ్ల బతుకు ఆఖరికి ఇలా అవుతుంది.”

ముసలమ్మ కళ్లు తెరిచింది. ఆ మాట చెవిన పడే ఉంటుంది, పట్టించుకోలేదు.

“నువ్వు మిషను బోర్డింగులో చదువుకున్నావు కదమ్మా?” అంది.

“చదువుకున్నా. అమ్మా నాన్నా లేకపోయినా నా రెక్కల కష్టంతో పైకొచ్చా. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు.”

“అవును తల్లీ. నువ్వు చాపలేదు.”

చాట పక్కన పెట్టి మెల్లగా లేచింది ముసలమ్మ. రిబ్కా అన్నం పెట్టలేదు. పెడితే పిల్ల ముందు తన మాటేం కాను? గ్లాసుడు మజ్జిగ మాత్రం ఇచ్చి పంపింది.

ఆ తర్వాత కూడా ముసలమ్మ అప్పుడప్పుడూ వచ్చేది. మళ్లీ అన్నం మాట ఎత్తేది కాదు. అరుగు చివర కూర్చుని, పిల్ల ఎక్కాలు వల్లిస్తుంటే విని, వచ్చినదారినే పోయేది. పనీ పాటా లేని మనిషని రిబ్కా విసుక్కునేది. అయితే ఆమె వచ్చి వెళ్లినప్పుడల్లా కూతురికి అదే పాఠం చెప్పేది. ప్రేమావతికి భయం పట్టుకుంది. నెమ్మదిగా దారికొచ్చింది.

డెబ్బైనాలుగు ఎండాకాలం. రోహిణీ కార్తె, రోళ్లు పగిలే ఎండ. బడి పని మీద రిబ్కా పొద్దున్నే బస్సెక్కి గంపలగూడెం వెళ్లింది. వంట చేసి, పిల్లకు పనులన్నీ అప్పగించి మరీ వెళ్లింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉంది. అంట్లు బోర్లించి ఉన్నాయి. లెక్కలన్నీ చేసి ఉన్నాయి. రిబ్కాకు కళ్లు చెమర్చాయి.

ముసలమ్మ వచ్చిందని చెప్పింది ప్రేమావతి. ఈసారి నోరు తెరిచి అన్నం అడిగిందట.

“కందులు ఏరమన్నానమ్మా. కళ్లు తిరుగుతున్నాయంది. అయితే అన్నం లేదని తలుపేశా.”

రిబ్కా మనసు ఒక్క క్షణం కలుక్కుమంది. అంత ఎండలో మనిషి ఎటు పోయి ఉంటుంది? కానీ పిల్ల మెచ్చుకోలు కోసం మొహంలోకి చూస్తోంది. ఇన్నాళ్లకు బాగుపడిన పిల్లను ఏమని మందలిస్తుంది?

“నా బంగారు తల్లివే,” అని దగ్గరికి తీసుకుంది. ఆ పూట ప్రార్థనలో కూతుర్ని దారికి తెచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంది. ప్రేమావతి ఆమెన్ దాకా మెలకువగానే ఉంది.

తెల్లారేసరికి చర్చి వసారాలో జనం మూగారు.

ముసలమ్మ మెట్ల పక్కన ముడుచుకుని ఉంది. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. పాస్టరు శౌరయ్యగారు తలపట్టుకుని కూర్చున్నారు. రోజూ ఆయనింట్లోనే ఆమెకింత ముద్ద పడేది. నిన్న భార్యాభర్తలిద్దరూ రెడ్డిగూడెం పెళ్లికి వెళ్లి, ఇందాకే బస్సు దిగారు.

ప్రేమావతి తల్లి కొంగు పట్టుకుని అడిగింది.

“పని చెయ్యలేదని దేవుడు శిక్షించాడామ్మా?”

శౌరయ్యగారు తలెత్తి పిల్ల వంక చూశారు.

“ఈ మేరమ్మ చేసినంత పని ఈ చుట్టుపక్కల ఎవరు చేశారు తల్లీ?” అన్నారు.

ఆయన చెప్పుకొచ్చారు. రెండో యుద్ధం నాటి సంగతి. బియ్యం దొరక్క, దిక్కులేని పిల్లల్ని బోర్డింగు నుంచి పంపేద్దామనుకున్నారట. మేరమ్మ అడ్డం పడింది. నెమలి ఊరు మొదలుకుని పల్లె పల్లెకూ కాలినడకన పోయి, ఎసట్లో బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెట్టండని ప్రతి ఇల్లాలినీ బతిమాలింది. ఛీ అన్న గడపకు కూడా మర్నాడు మళ్లీ వెళ్లింది. మూట నెత్తిన పెట్టుకుని తెచ్చి బోర్డింగు వంటింట్లో పోసేది. పెళ్లి లేదు, పిల్లల్లేరు. మోకాళ్లు అరిగిపోయేదాకా అదే పని.

మరి ఈ ఊరెందుకొచ్చిందని రిబ్కా అడిగింది.

“నిన్ను చూసుకోవడానికి. తనెవరో నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. తెలిస్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావంది.”

శౌరయ్యగారు తన కండువా తీసి మేరమ్మ మొహం మీద కప్పారు.

“నువ్వు బోర్డింగులో తిన్న అన్నం ఈమె ఇల్లిల్లూ అడుక్కొచ్చి పెట్టిందేనమ్మా.”