పులి వదిలేసిన మేక

ప్రపంచంలో ప్రతి మనిషికీ ఒక గేమ్ కన్సోల్ అమ్ముడైపోయాక, కంపెనీ పోయినవాళ్ల పేరు మీద కూడా అమ్మడం మొదలుపెట్టింది. తణుకులో ఉండే కనకరత్నం ఇంటికి అలాంటి డబ్బా ఒకటి పట్టుకుని కంపెనీ అమ్మాయి హిమజ వచ్చింది.

"మీ వారు ఇన్నేళ్లూ మా కన్సోల్‌లో ఆడిన ప్రతి ఎత్తూ ఇందులో ఉందండీ. అచ్చం ఆయనతో ఆడినట్టే ఉంటుంది. వారం ఆడి చూడండి, నచ్చితేనే ఉంచుకోండి."

కనకరత్నం అనుమానంగానే పులీమేకా ఆట తెరిచింది. తెర మీద పులి చాలాసేపు ఆలోచించి కదిలింది. ఆమె భర్త సూర్యప్రకాశం కూడా అలాగే నాన్చేవాడు. ఆమె కళ్లు చెమర్చాయి. ఆ రోజు ఆమే గెలిచింది. మర్నాడూ గెలిచింది. మూడోరోజు ఆమె కావాలనే ఒక మేకను పులికి దొరికేలా పెట్టింది. పులి దాన్ని ముట్టుకోకుండా పక్కకు జరిగింది.

వారం తిరిగేసరికి హిమజ మళ్లీ వచ్చింది.

"పట్టుకుపో అమ్మా. ఇది నన్ను మంచి చేసుకోవాలని చూస్తోంది. ఆయనైతే ఒక్క మేకనీ వదిలేవారు కాదు."

"అంతేనా అండీ? మిమ్మల్ని ఓడించేలా ఇప్పుడే మార్చేస్తాను, ఒక్క నిమిషం."

"చెప్పగానే మారే మనిషి కాదమ్మా ఆయన," అంటూ కనకరత్నం డబ్బాను ఆ అమ్మాయి చేతిలో పెట్టి తలుపు వేసుకుంది.