చెల్లి ఏరిన కెమెరా

"ఇది కెమెరానా, సబ్బుపెట్టా?" అన్నాను.

చెల్లి చేతిలో ఆ బుల్లి మిర్రర్‌లెస్ కెమెరా చూడగానే నాకు ఒళ్లు మండింది. నేను ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నవాణ్ణి. తీసి పడెయ్యడమే నా పని, ఆల్బమ్‌లు చేసేది తను. కెమెరా కొనాలి, తోడు రమ్మంటే షాపుకొచ్చాను. తీరా ఏరింది ఇదా!

"దీంతో పెళ్లికెళ్తే ఫోటోగ్రాఫరనుకోరు, భోజనానికొచ్చారనుకుంటారు. కెమెరా అంటే నాదిలా బరువైన పెద్ద ఫుల్‌ఫ్రేమ్. బరువు మొయ్యలేనివాళ్లకి ఈ పనెందుకు? కొనుక్కో, పిల్లులకి ఫోటోలు తీసుకో."

షాపంతా వినేలా నవ్వాను.

"నాక్కాదన్నయ్యా, నీకే," అంది మెల్లగా. "పెద్దది ఎత్తితే నీ చేతులు వణుకుతున్నాయి. పోయిన నాలుగు పెళ్లిళ్లలో నువ్వు తీసినవన్నీ మసకే. ఆల్బమ్‌లో పెట్టినవి, నీ పక్కన నిలబడి నేను ఫోన్‌తో తీసినవి."



ఆ నాలుగిళ్లవాళ్లూ ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. మెచ్చుకున్న ప్రతిసారీ, ఫోటో తియ్యడమంటే ఏమిటో చెల్లిని కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

తను బుద్ధిగా వింది.