సింహం తల దేవర

ఈజిప్టు నుంచి తెచ్చిన పాత గుడిని కువైట్‌లో, మిష్రిఫ్‌లోని ఒక ప్రదర్శనశాలలో చెక్కుచెదరకుండా నిలబెట్టారు. రాత్రిపూట అక్కడ నేల తుడిచే చిన్నపుల్లయ్య, లోపలి సింహం తల విగ్రహాన్ని నరసింహస్వామి అనుకుని రోజూ మొక్కేవాడు. ఆ రాత్రి, మూలలు తుడవలేదని సూపర్‌వైజర్ అతని పన్ను రాలగొట్టాడు.

“వాని కడుపు చీల్చు సామీ” అని మొక్కి చిన్నపుల్లయ్య బయటికి వచ్చాడు. నేల చూడ్డానికి సూపర్‌వైజర్ లోపలికి వెళ్ళాడు. అతని కేక సగంలో ఆగిపోయింది. తలుపు కింద నుంచి రక్తం వచ్చింది.

బయట తోడుగా తుడుస్తున్న వెంకటేశ్వరి, పగటి డ్యూటీ పడినప్పుడు గైడు మాటలు విన్నది.

“నరసింహుడు కాదు న్నా, అది ఆడదేవర. ఒకర్ని చంపితే ఆగదంట. అప్పుడెప్పుడో దేవుళ్లు సారా తాపినంకనే ఆగిందంట.”

లోపలి నుంచి తడి పాదాల చప్పుడు తలుపు వైపు వస్తోంది.

“ఈ కువైట్‌లో సారా యాడ దొరుకుతాది మే?” అన్నాడు చిన్నపుల్లయ్య.