పొట్టి గేరు రాడ్డు

తెలియని గొంతు ఒకటి ఫోన్ చేసి, “ఈ నంబరు కారు మీదేనా?” అని అడగడం. ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం అదే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంది. పాప పుట్టాక రెండింతలైంది.

షెడ్డులో గ్రైండరు చప్పుడు ఆగగానే పాపను చంకనేసుకుని వెళ్లింది.

“మళ్లీ విప్పారా?”

“కాస్త సర్దుతున్నా,” అన్నాడు భర్త, తలెత్తకుండా.

కారు గేరు రాడ్డు బల్లకు బిగించి ఉంది. ఆరు నెలల కిందట దాన్ని కోసి, పైముక్క తగ్గించి, మళ్లీ అతికించి, వెల్డింగు పెట్టి పొట్టిగా చేశాడు. పోయిన నెల సీటు వైపు వంచాడు. ఇప్పుడు ఇంకాస్త వంచుతున్నాడు.

“కిరాయి కారుకి రేసు రాడ్డేంటండీ? ఎక్కేవాళ్లు చూస్తే ఏమనుకుంటారు?”

“గేరు ఇలా అంటే అలా పడాలే. చెయ్యి కదిలినట్టే ఉండకూడదు. ఆ మజా నీకేం తెలుసు!”

“ఆ అతుకు ఊడితే?”

“ఊడదు.”

“ఊడితే?”

“గరిటెలా చేతికొస్తుంది. నీ వంటింట్లోకి పనికొస్తుందిలే.”

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

పాప నాన్నవైపు రెండు చేతులూ చాపింది. అతను నేలమీద చతికిలబడి, “రా తల్లీ, నువ్వే ఎక్కు,” అన్నాడు. ఈమధ్య పిల్లను ఎత్తుకోవడమే మానేశాడు. వరండాలో బల్బు మాడిపోయి నెలైంది, స్టూలెక్కి ఆమే మార్చుకుంది. తలమీంచి తొడుక్కునే టీషర్టులన్నీ మూలన పడేసి, బొత్తాల చొక్కాలకు మారాడు. అదొక సోకు. ఇల్లు పట్టదు, పిల్ల పట్టదు, ఆ రాడ్డే లోకం. ఆ కారే తమ ముగ్గురి అన్నమని కూడా గుర్తులేదు కాబోలనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

ఆమె అన్నయ్యకు స్పేరు పార్టుల కొట్టుంది. ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకుంది.

“అమ్మడూ, చేతిపని చేతిపనేనే. వెల్డింగులో వెంట్రుకంత బీట చాలు, కొంప మునగడానికి. కంపెనీది ఒకే ముక్కగా వస్తుంది. పొట్టిగానే ఉంటుంది. బావకి ఇంకేం కావాలంట?”

“‘షాపుది నాకు పనికిరాదు’ అంటారు అన్నయ్యా. ఎందుకో చెప్పరు.”

“అయితే అడగడం దేనికి? భోంచేసి పడుకుంటాడుగా. గంట పని నాకు.”

మర్నాడు మధ్యాహ్నం భర్త కునుకు తీస్తుండగా అన్నయ్య వచ్చి పాత రాడ్డు ఊడదీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి ముక్కున వేలేసుకున్నాడు.

“ఇదేంటే, తాతగారి చేతికర్రలా సీటు మీదికి వంచేశాడు?”

“స్టైలేమో.”

“స్టైలు తగలెయ్య!”

కంపెనీ రాడ్డు నల్లగా నిగనిగలాడుతూ నిటారుగా నిలబడింది. అన్నయ్య గేర్లన్నీ వేసి చూశాడు. టక్కు టక్కుమని పడ్డాయి.

“పాతది తుక్కు లారీకి వేసేస్తా. ఇంట్లో ఉంటే మళ్లీ బిగిస్తాడు,” అని పట్టుకుపోయాడు.

ఆమె చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

నాలుగింటికి కిరాయి ఉంది. అతను కారులో కూర్చున్నాడు కానీ బండి కదల్లేదు. కిటికీలోంచి పిలిచాడు.

“పాతది ఏది?”

“తుక్కు లారీ ఎక్కేసింది. తిట్టాలంటే నన్ను తిట్టండి. రోజూ ఇలా చస్తూ బతకడం నావల్ల కాదు.”

అతను తిట్టలేదు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

“ఏంటండీ?”

“ఏం లేదులే. చెబితే నీకు నిద్రుండదు.”

కారు మొదటి గేరులోనే మూలుగుతూ వీధి మలుపు తిరిగింది.

అరగంటకు ఫోన్ మోగింది. తెలియని గొంతు.

“ఈ నంబరు కారు మీదేనా అమ్మా?”

“మాదే. ఆయనకేమైంది?”

“కంగారు పడకండి, ఎవరికీ ఏం కాలేదు. ఆ కారెక్కినదాన్ని నేను, అద్దం మీద రాసున్న ఫోన్ నంబరుకి చేస్తున్నా. మొదటి గేరు తప్ప ఇంకోటి వెయ్యడే! సైకిళ్లు కూడా దాటిపోతున్నాయి. ఇంజను కాలిన వాసనొస్తుంటే దిగిపోయాను. ఆయనేమో పక్కకి ఆపి, దిగకుండా అలాగే కూర్చున్నాడు. ఒకసారి వచ్చి చూసుకోండి.”

పాపను ఎత్తుకుని ఆమె పరుగులాంటి నడకతో వెళ్లింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే తోచింది. పంతం! కంపెనీదాన్ని తగలబెట్టి చూపించాలన్న పంతం!

కారు ఓ మూసిన దుకాణం ముందు ఆగి ఉంది. రాడ్డు నిటారుగా, చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూడగానే ఆమె భయమంతా కోపమైంది.

“అలిగారా? నా మీద కోపం కారు మీద చూపిస్తారా? పిల్లనేసుకుని ఇంతదూరం పరిగెత్తించారు. సిగ్గుగా లేదూ?”

అతను ఒళ్లంతా పక్కకి వంచి, కుడిచేతినే అంతదూరం చాపి, ఆమె వైపు తలుపు తీశాడు. ఎడమచెయ్యి వాలిపోయి ఒళ్లో ఉంది, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు.

“కూర్చో.”

ఆమె పాపను ఒళ్లో పెట్టుకుని విసురుగా కూర్చుంది. అతను తాళం తిప్పాడు. ఇంజను మొదలైంది. ఆమె వైపు చూడకుండా, ముందున్న రోడ్డునే చూస్తూ అన్నాడు:

“క్లచ్ నేను తొక్కుతాను, గేరు నువ్వు వెయ్యి.”