దూడ గొంతు

“అరువయ్యా. గొంతులో ముల్లు ఇరుక్కున్నెట్ల ఏమిటికి నీలుగుతాండావు?”

ఆవు పొదుగు దగ్గర చెంబు పట్టుకుని కూర్చున్న నాగలక్ష్మమ్మ, వెనక్కి తిరగకుండానే మొగుణ్ణి గదమాయించింది. కొట్టంలో ఒక మూల కట్టిన గోనెపట్టా వెనక ఓబుళేసు గొంతుక్కూర్చుని ఉన్నాడు. వీధి పిల్లలు మొండిగోడ ఎక్కి తమాషా చూస్తున్నారు. తలనెరిసి, తాత కూడా అయినవాడు తెల్లారి లేచి దూడలా అరవాలి. ఓబుళేసుకు తల కొట్టేసినట్టుగా ఉంది.

“అంబా,” అన్నాడు చివరికి.

పిల్లలు పకపకా నవ్వారు. ఆవు ఒక చెవి ఆడించి, వెనక కాలు జాడించింది. ఖాళీ చెంబు దొర్లుకుంటూ పోయింది.

ఇంట్లో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. కూతురు మహేశ్వరి కదిరి ఆసుపత్రిలో కాన్పు కష్టమై, చావు అంచుదాకా పోయి వచ్చింది. బయట కొనాల్సిన ఖరీదైన మందులేవో తెమ్మంటే ఓబుళేసు ఎక్కడ తిరిగాడో, ఎవరి కాళ్లు పట్టుకున్నాడో గాని తెచ్చి ఇచ్చాడు. తల్లీ బిడ్డా దక్కారు. కానీ మహేశ్వరికి పాలు పడలేదు. డబ్బాపాలు బిడ్డ కడుపులో నిలవడం లేదు. ఇక మిగిలింది ఈ ఆవు పాలే. అదేమో దూడ పోయినప్పటి నుంచి చేపడం మానేసింది. పొదుగు నిండా పాలున్నా చుక్క కిందికి వదలదు.

“తోలన్నా దాచిపెట్టి ఉంటే గడ్డి కూరి, దూడ బొమ్మ చేసి ముందర నిలబెడితే సరిపోతాండె కదా వదినా,” అంది పక్కింటి గంగక్క, గోడ అవతల నుంచి.

“యాడ దాచేది? మేము ఆసుపత్రిలో ఉంటిమి. ఈడ దాన్ని పాము కరిచిందంట. ఈయప్ప ఒక్కడే గుంత తీసి పూడ్చిపెట్టినాడు.”

“పాము కరిస్తే తోలుకేమయితాదన్నా?”

ఓబుళేసు గోనెపట్టా పోగులు పీకుతూ ఉండిపోయాడు.

“అడగొద్దులే గంగక్కా. దాని మాటెత్తితే అన్నం గూడ తినడు,” అంది నాగలక్ష్మమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. “మూడేండ్ల నుంచి వాన లేదు. ఊర్లో సగం గొడ్లు కోతకు కేరళ లారీలెక్కి పాయె. మా కొట్టంలోంచి ఒక తోక గూడ దాటలేదు.”

“అది నిజమే.” గంగక్క గోడ మీదికి వంగింది. “అన్నా, ఉత్త అంబా అంటే ఆవు మోసపోదు. దాని దూడ గొంతు దానికి తెలుసు. మా మందలో అన్ని గొర్రెపిల్లలు అరుస్తాంటాయి గదా, తల్లి తన పిల్లకే బదులిస్తాది. నువ్వు నాటకాల్లో తెర ఎనక నక్క మాదిరి, గుర్రం మాదిరి అరిచినోడివి. ఆ దూడ ఎట్ల అరిచేదో గుర్తు చేసుకో.”

“గుర్తు లేదు,” అన్నాడు ఓబుళేసు.

మహేశ్వరి బిడ్డను భుజాన వేసుకుని గడప దగ్గరికి వచ్చింది. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు నోరు మాత్రమే తెరుస్తోంది.

“నాయనా, ఒక్కసారి చూడు నాయనా.”

ఓబుళేసు కళ్లు మూసుకున్నాడు. ముందు మూసిన నోటిలోంచి సన్నగా మొదలై, పైకి లేచి, నడిమధ్యలో విరిగిపోయిన అరుపు ఒకటి అరిచాడు.

గోడ మీద పిల్లల నవ్వు ఆగిపోయింది. ఆవు తల విసురుగా తిప్పింది. పలుపు తెగేలా మెడ సాచి, గొంతు లోపలి నుంచి మెల్లగా, చాలాసేపు బదులిచ్చింది. నాగలక్ష్మమ్మ చెయ్యి వెయ్యకముందే చన్నుల్లోంచి పాలు కారాయి.

“దాని గొంతే. అచ్చం దాని గొంతే,” అంటూ ఆమె మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం ఇదే పని. బిడ్డ బుగ్గలు నిండాయి. టీ అంగడి దగ్గర కొందరు ‘దూడ ఓబుళేసు’ అని ఎగతాళి చేశారు. కొందరు, మనవరాలి కోసం మానం కూడా వదులుకున్నాడని మెచ్చుకున్నారు. ఎగతాళికి ఓబుళేసు ఊరికే నిలబడేవాడు. మెచ్చుకుంటే మాత్రం తాగుతున్న టీ వదిలేసి లేచిపోయేవాడు. కొట్టంలో అరవగానే చెవులు మూసుకుని, ఆవు మొహం చూడకుండా వెనకదారిన బయటికి నడిచేవాడు.

“నవ్వేటోళ్లను నవ్వనీ,” అనేది నాగలక్ష్మమ్మ. “బిడ్డ కడుపు నిండుతాంది. ఇంగ సిగ్గేమిటికి?”

ఒక సాయంత్రం అతను అరిచేసరికి ఆవు పలుపు తెంపుకుంది. చెంబును తన్నేసి, గోనెపట్టా కిందికి లాగేసి లోపలికి వచ్చింది. ఓబుళేసు లేవబోయి గోడకు ఆనుకున్నాడు. ఆవు అతని తల వాసన చూసింది. గరుకు నాలుకతో నెత్తిని, చెవిని, మెడను నాకడం మొదలుపెట్టింది. ఓబుళేసు మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాగలక్ష్మమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆవును తోలెయ్యలేదు. ఎన్నాళ్లనుంచో అడగాలనుకున్నట్టు అడిగింది.

“ఏమయ్యా, గొంతయితే దాందే. పాలకు అరిచినా, కట్టేసినామని అరిచినా నేను ఇన్యాను. ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ ఇట్ల అరువలేదే. ఈ అరుపు నువ్వు యాడ ఇన్యావు?”

ఓబుళేసు తెగిన పలుపు కొసను గుప్పిట్లో పట్టుకున్నాడు.

నల్లమాడ క్రాసులో కేరళ లారీ కదులుతుంటే, ఆ దూడ అతన్ని చూసి అలాగే అరిచింది.